వెండి నాలుక ఇచ్చిన తర్వాత

నా నాలుక పక్కన లేచిన పుండును చూసి మొట్టమొదట నవ్వినవాడు మా బస్తీలో సూదులు వేసే ఆర్ఎంపీ. "నువ్వు తిట్టే తిట్లకు నాలుక పుండు గాకపోతే పువ్వు పూస్తదా యాదగిరన్నా" అన్నాడు. అక్కడ బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. బలం గోళీలు, పూసుకునే మందు ట్యూబు ఇచ్చి పంపాడు. ఆ నవ్వినవాళ్ళలో ఇద్దరి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తు. ఇద్దరితోనూ మాట్లాడను. వాళ్ళింట్లో పెళ్ళికి పిలిచినా పోలేదు.

అది 2008 చివర. ఇప్పుడు 2014. ఈ మధ్యలో నా నోటిని రెండుసార్లు కోశారు, ఒకసారి కాల్చారు. నేను ఒకరి గోడ కూల్చాను, ఒకరి చేత చెంపదెబ్బ తిన్నాను. మా వాళ్ళు గండం గడిచింది అంటున్నారు. నేను ఆ మాట అనను. ఒకసారి అన్నందుకే ఇంత జరిగింది. నోట్లో మానని పుండు ఉన్నవాళ్ళు, ఒకసారి నయమై ఇంటికి వచ్చి దవాఖాన దారి మరిచిపోయినవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. నన్ను అవమానించినవాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు.

2008 – 2009

మాది శంషాబాద్. విమానాశ్రయం తెరిచిన ఏడు. చుట్టుపక్కల భూములన్నీ ప్లాట్లు అవుతున్న రోజులు. నాకు సొంత జేసీబీ ఉండేది. తుక్కుగూడ నుంచి మామిడిపల్లి దాకా బీడుపడ్డ చేలలో సర్కారు తుమ్మ అడవిలా అల్లుకుని ఉండేది. దాన్ని పెరికి, కాల్చి, నేల చదును చేసి ఇవ్వడం నా పని. ముళ్ళు టైర్లలో దిగేవి. బకెట్ పళ్ళతో వేరును పట్టి గుంజితే నేల నిలువునా చీలేది. నిప్పు పెడితే పాములు, ఉడుములు పొగలో నుంచి పరుగెత్తేవి. ఎండ, దుమ్ము, ఇంజను మోత. కునుకు పడకుండా దవడలో ఎప్పుడూ గుట్కా.

ఊళ్ళో నాకు పిటిషన్ యాదగిరి అని ఇంకో పేరు ఉండేది. కరెంటు ఆఫీసు, పంచాయతీ ఆఫీసు, రేషన్ దుకాణం, ఎక్కడ తప్పు కనబడినా వదిలేవాణ్ణి కాదు. గొంతు పెద్దది. నడుస్తున్న ఇంజను మీద కూర్చుని తిడితే అవతలి గట్టు మీద ఉన్నవాడికి వినబడేది. మా అయ్య నాకు ఇచ్చిన ఆస్తి ఆ గొంతు ఒక్కటే.

పుండు మానలేదు. ఎండాకాలం వచ్చేసరికి కారం తగిలితే చెవిలో సూది దిగినట్టు పోటు పెట్టేది. ఒక పూట నొప్పికి తట్టుకోలేక అన్నం పళ్ళెం గోడకేసి కొట్టాను. నా భార్య సుగుణ చేతిలో ఉన్న చెంబు తిరిగి నా మీదికి విసిరింది. భుజానికి తగిలింది.

"పుండు నీ నోట్లున్నది, నా కూరల లేదు. రేపు పొద్దుగాల దవాఖానకు నడువ్. లేకుంటే మా అన్నను పిలిచి కట్టేసి తీస్కపోత" అంది.

వాళ్ళన్న రాకముందే వెళ్ళాను. భయపడి కాదు. అతని జీపు ఎక్కడం ఇష్టం లేక.

అత్తాపూర్ దాటి నగరంలోకి వెళితే ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి. నాలుక నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పినామె గోదావరి వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ. మెల్లగా మాట్లాడే మనిషి.

"కొంచెం ధైర్యం తెచ్చుకోవాలండీ. ఇది క్యాన్సరే" అంది.

"ఎవడు చేసిండు?" అని అడిగాను. నిజంగానే అడిగాను. నా బతుకులో ఏ నష్టం జరిగినా దాని వెనక ఒక మనిషి ఉండేవాడు. వాడి పేరు పట్టుకుని నేను బయలుదేరేవాణ్ణి.

"ఎవరూ చేయలేదండీ. గుట్కా ఎన్నేళ్ళుగా వేస్తున్నారు?"

ఆ లెక్క సుగుణ చెప్పింది.

నాలుక పక్క నుంచి ఒక ముక్క కోసి తీసేశారు. అది మానాక కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను అక్కడ అందరూ కరెంటు పెట్టడం అనే అంటారు. ముఖానికి వేడి ప్లాస్టిక్ అచ్చు పోసి, ఆ ముసుగును ముఖం మీద బిగించి, బల్లకు నొక్కి పెడతారు. తల అంగుళం కదలదు. బయటికి వెళ్ళి తలుపు మూస్తారు. మొదటి రోజు నేను ముసుగును రెండు చేతులతో పీకి పారేసి, పరుగెత్తి వచ్చిన టెక్నీషియన్‌ను గోడకు తోసేశాను. అతని మోచెయ్యి గీసుకుపోయింది. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు మోచేతికి పట్టీ కట్టుకుని వచ్చి, ముసుగు బిగించేటప్పుడు కొంచెం సేపు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఆసుపత్రిలో నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదని అనను గానీ అతని మీద లేదు.

రాను రాను నోరంతా ఉడికిపోయింది. ఉమ్మి మింగితే గాజుపెంకులు మింగినట్టు. దవడ కింద తోలు నల్లబడి పొరలు పొరలుగా ఊడింది. వరుసలో నా పక్కన జహంగీర్ అని ఒకతను కూర్చునేవాడు. శంషాబాద్‌లోనే వెల్డింగ్ దుకాణం, అతనికి దవడలో వచ్చింది. మా బకెట్ పళ్ళు విరిగితే అతికించింది అతనేనని అక్కడే తెలిసింది. రోజూ ఫ్లాస్కులో చల్లటి పలుచని మజ్జిగ తెచ్చి, సగం తను తాగి సగం నాకు ఇచ్చేవాడు.

"యాదగిరి భాయ్, మొదటిరోజు మెషీన్‌తోని లడాయి పెట్టుకున్నవంట. మెషీన్ ఏమన్నది?"

"నవ్వకు."

"నవ్వుతలేను. నవ్వితె నాకే నొస్తది."

అక్కడ పేర్లు పిలిచే గుమస్తా ఒకడుండేవాడు. నన్ను పేరుతో పిలిచేవాడు కాదు. "నాలుక, నాలుక ఎవరు, లోపలికి రా" అనేవాడు. జహంగీర్‌ను "దవడ" అనేవాడు. నేను నోరు ఉడికి మాట రాని రోజుల్లో ఉన్నాను. వాడి ముందు టేబుల్ మీద గుద్దితే వాడు మిగతావాళ్ళ వంక చూసి, "నాలుకకు కోపమొచ్చింది" అన్నాడు. ఆ మాటకు ఇంకా బదులు చెప్పలేదు. వాడు ఆ తర్వాత బదిలీ అయ్యాడని విన్నాను. ఎక్కడికో కనుక్కుంటున్నాను.

2010 – 2011

పరీక్షలన్నీ అయ్యాక ఒక చిన్న డాక్టరు స్కానింగ్ ఫోటోలు చూసి, "మొత్తం పోయింది. ఏమీ మిగల్లేదు. హాయిగా ఉండండి" అన్నాడు. అతను అన్నది ఆ మూడు మాటలే. చెకప్‌లకు రమ్మని డాక్టరమ్మ విడిగా చెప్పింది. కానీ 'మొత్తం పోయింది' అన్న మాట విన్న చెవికి ఆ తర్వాతి మాటలు ఎక్కుతాయా?

ఇక్కడ మా అక్క బాలమణి గురించి చెప్పాలి. నాకంటే పెద్దది, మామిడిపల్లిలో ఉంటుంది, బావ పోయాక ఒక్కతే బర్లను పెట్టుకుని బతుకుతోంది. నన్ను కోసిన రోజున అక్క ఊరి మైసమ్మకు మొక్కుకుంది. తమ్ముడి నాలుక నిలబడితే వెండి నాలుక చేయించి ఇస్తానని, యాటను కోస్తానని. కన్ను బాగైతే వెండి కన్ను, కాలు బాగైతే వెండి కాలు ఇవ్వడం మాలో ఉన్నదే. అక్క చిన్న వెండి రేకును నాలుక ఆకారంలో కొట్టించింది. డప్పులు పెట్టించి ఊరేగింపుగా తీసుకుపోయింది. యాట మెడ మీద కత్తి పడి తల ఎగిరిపడినప్పుడు నెత్తురు నా పాదాల మీద చిందింది. అక్క ఏడుస్తూ ఆ నెత్తురులోనే మోకరిల్లి వెండి నాలుకను అమ్మ ముందు పెట్టింది. నాకు కూడా కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ రోజు నేనే అందరి ముందూ, "గండం గడిచింది" అన్నాను.

చెకప్ రోజు వచ్చింది. నేను చొక్కా వేసుకుంటుంటే అక్క మా ఇంట్లోనే ఉంది.

"ఏడికి?"

"దవాఖానకు. నోరు చూపించుకోవాలె."

"మతి ఉన్నదా నీకు? నీ నాలుక అమ్మకు అప్పజెప్పినం. ఇగ అది అమ్మది. దాన్ని తీస్కపోయి మల్ల డాక్టర్ ముందట చాపుతవా? అమ్మ మీద నమ్మకం లేదన్నట్టే గద."

"ఊకె చూస్తరు వదినా. చూస్తె ఏమైతది?" అంది సుగుణ.

"చూస్తె దొరుకుతది. లేనిది ఉన్నట్టు జేస్తరు వాళ్ళు. మొక్కు తీరినంక ఎనకకు చూడొద్దు. మా అత్త గట్లనే కన్నుకు ఇచ్చి, మల్ల కంటి దవాఖానకు పోయింది. ఉన్న కన్ను పోయింది."

సుగుణ వాదించింది. అక్క కొంగు నడుముకు దోపుకుని శాపనార్థాలు మొదలుపెట్టింది. నేను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను. ఆ గుమస్తా ముఖం మళ్ళీ చూడక్కర్లేదన్న సంగతి కూడా మనసులో ఉంది. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేస్తే సుగుణ ఎత్తేది, అక్క లాక్కుని పెట్టేసేది. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి.

ఏడాది పైన బాగానే ఉన్నాను. గొంతు తిరిగొచ్చింది, కొంచెం మొద్దుగా. మళ్ళీ జేసీబీ ఎక్కాను, మళ్ళీ పిటిషన్లు పెట్టాను. జహంగీర్ మాత్రం ఒక్క చెకప్పు తప్పలేదు. దుకాణం ముందు నుంచి వెళుతుంటే కేకేసేవాడు. "భాయ్, డాక్టరమ్మ నిన్ను అడుగుతుంది. ఏమైండు ఆ లడాయి మనిషి అని." నేను చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాణ్ణి.

2011 ఆఖర్లో గడ్డం గీసుకుంటుంటే దవడ కింద మెడలో గట్టిగా గోళీకాయంత తగిలింది. బ్లేడు పక్కన పెట్టి దాన్ని వేళ్ళతో నొక్కాను. కదల్లేదు.

2012

డాక్టరమ్మ అప్పటిదాకా ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచింది. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు?" అంది. మెడలోనూ ఉంది, నాలుకలోనూ మళ్ళీ మొదలైంది. ఈసారి మెడ తెరిచి గడ్డలు తీయాలి, నాలుకలో పెద్ద భాగం పోతుంది, ముంజేతి నుంచి చర్మం తీసి అక్కడ అతికిస్తారు.

"మాట వస్తదా?"

"వస్తుంది. ఎంత స్పష్టంగా వస్తుందో చెప్పలేను. ఇంట్లోవాళ్ళకు కొంత అర్థం కావచ్చు."

ఇంట్లోవాళ్ళకు కొంత. నేను లేచి ఆమె టేబుల్ అంచు పట్టుకున్నాను. "మొత్తం పోయిందన్నరు. మీ డాక్టరే అన్నడు. పోయింది మల్ల ఎట్లొస్తది? అబద్ధం జెప్పిండా, మీకు పని రాదా?" అని అరిచాను. బయట కూర్చున్నవాళ్ళంతా తలుపు దగ్గరికి వచ్చారు. ఆమె వాళ్ళను పంపించి, నన్ను కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే విన్నాను.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. గడ్డలో ఉన్న కణాలన్నీ ఒక్క తీరువి కావు. ఎక్కువ భాగం గబగబా పెరిగేవి. మందైనా కరెంటైనా వాటినే బాగా పట్టి చంపుతుంది. కానీ వాటిలో కొన్ని మూలకణాల లాంటివి ఉంటాయని కొన్నేళ్ళుగా గమనిస్తున్నారు. ఒంట్లో చర్మాన్నీ నెత్తురునూ కొత్తగా పుట్టించేవి మంచి మూలకణాలు. వీటికి వాటి గుణమే ఉంటుంది గానీ పుట్టించేది క్యాన్సర్‌ను. ఇవి కదలకుండా పడుకుంటాయి. పడుకున్నవాటికి దెబ్బ తగలదు. తగిలినా బాగుచేసుకుంటాయి. అంతా చచ్చిందని ఫోటోలో కనబడుతుంది, ఎందుకంటే మిగిలిన కొన్నిటిని చూడగల కన్ను ఆ ఫోటోకు లేదు. ఎప్పుడో లేస్తాయి. లేచి, ఉన్నచోట మళ్ళీ గడ్డ కడతాయి, లేదా నెత్తుట్లో పడి ఇంకోచోట దిగి అక్కడ పిల్లలు పెడతాయి.

"సర్కారు తుమ్మ తీరు" అన్నాను. "పైన కొట్టి కాలిస్తె నున్నగ కనబడ్తది. వేరు బుడం నేలల ఉంటె వానకు మల్ల లేస్తది. అందుకె మేము బుడంతోని పెరుకుతం. మీరు పైన కొట్టి ఇడిసిపెట్టిన్రు."

"తుమ్మ మోడు ఎక్కడుందో మీకు కనబడుతుందండీ. ఇవి మాకు కనబడవు. వాటినే వెతికి చంపే మందు ఇంకా చేతికి రాలేదు. ఇదే పూర్తి కారణమా అన్నదాని మీద కూడా ఇంకా వాదనలున్నాయి. అందుకే రమ్మన్నాను, మళ్ళీ మళ్ళీ చూడ్డానికి. మొలక లేచినప్పుడే పట్టుకోవాలని. మీరు రాలేదు."

నాకు పేరు దొరికింది. డాక్టరమ్మ పేరు కాదు.

ఆసుపత్రి నుంచి తిన్నగా బండి నిలిపిన చోటికి పోయి, జేసీబీ ఎక్కి, మామిడిపల్లి తోలాను. దారిలో సుగుణ పది ఫోన్లు చేసి ఉంటుంది. అక్క ఇంటి ముందు రాళ్ళ ప్రహరీ ఉంది. బావ బతికుండగా ఒక్కొక్క రాయీ పేర్చి కట్టింది. బకెట్ ఎత్తి దాని మీద వేశాను. మొదటి దెబ్బకే గేటు పక్క భాగం కూలింది. బర్లు తాళ్ళు తెంపుకున్నాయి. రెండో దెబ్బ, మూడో దెబ్బ. దుమ్ములో నుంచి అక్క బయటికి వచ్చి, చేతిలో పేడ చేటతోనే బకెట్ కింద నిలబడింది.

"ఆపకు. నా మీద గూడ ఎయ్" అంది.

"జరుగు."

"జరగ. ఏమైందో చెప్పి ఎయ్."

"మల్లొచ్చింది. నాలుక మొత్తం కోస్తరంట. నీ అమ్మకు ఇచ్చినవ్ గద, పోయి ఇప్పియ్."

ఆమె చేట కింద పడేసింది. ఏడవలేదు. పక్కకు జరిగింది. అప్పుడు నాకు మిగతా గోడ కూల్చే బలం లేకపోయింది. బకెట్ అలాగే గాలిలో వదిలేసి ఇంజను ఆపాను. చుట్టూ జనం చేరారు, ఎవరో పోలీసులను పిలవమన్నారు. అక్క వాళ్ళ వైపు తిరిగి, "నా గోడ, నా తమ్ముడు. మీరు ఇండ్లకు పోండి" అంది.

ఆపరేషన్‌కు నేను ఒప్పుకోలేదు. వారాలు గడిచాయి. మాట లేకుండా బతకడం కన్నా మాటతో చస్తాననుకున్నాను. సుగుణ బతిమాలింది, తిట్టింది, తలుపుకు తల కొట్టుకుంది. నేను కదల్లేదు. మెడలోది నిమ్మకాయంత అయింది.

ఒక మధ్యాహ్నం జహంగీర్ వచ్చాడు. కొడుకు స్కూటర్ మీద తెచ్చి దింపాడు. చిక్కిపోయి చొక్కా వేలాడుతోంది. దవడలో ఏమీ లేదట, అక్కడ శుభ్రంగానే ఉందట. ఊపిరితిత్తులలో తేలింది. ఒక్క చెకప్పు తప్పని మనిషి. అతనికి ఎందుకు వచ్చిందో, దీనికి ఎవరి మీద పిటిషన్ పెట్టాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

"ఆపరేషన్ వద్దన్నవంట."

"నోరు పోయినంక బతికి ఏం జేయాలె?"

అతను ఊపిరి కోసం ఆగాడు. "నాకు కొయ్యనీకి జాగ లేదన్నరు భాయ్. ఏడ జూసినా ఉన్నదంట. నీకు జాగ ఉన్నది. కొయ్యనీకి జాగ ఉన్నోడివి, నా ముందట కూసోని నఖ్రాలు జేస్తున్నవా?"

నేను ఏదో అనబోయాను. అతను లేచి, ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి నా చెంప మీద కొట్టాడు. పుండు ఉన్న వైపే. కళ్ళ ముందు మెరుపులు. కొట్టిన దెబ్బకు అతనే తూలి సుగుణ మీద పడ్డాడు. ఆమె పట్టుకుని కూర్చోబెట్టింది. అతను దగ్గుతూ, "మాఫ్ కరో చెల్లె, గట్టిగ తగల్లేదు" అన్నాడు.

నా ఒంటి మీద చెయ్యి వేసినవాళ్ళలో నేను తిరిగి కొట్టనివాడు అతనొక్కడే. మర్నాడు ఆసుపత్రిలో చేరాను. నన్ను కోయడానికి ముందే అతను పోయాడు. చేరి ఉన్నందువల్ల చివరిచూపుకు పోలేకపోయాను. మైయత్తుకు నా బదులు సుగుణ వెళ్ళింది, ఆడవాళ్ళ వైపు కూర్చుని వచ్చింది.

ఆపరేషన్ రోజున అక్క వచ్చింది. నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి, మధ్యలో చీలిక, ఎండిన నెత్తురు. నేను అడగలేదు. సుగుణ చెప్పింది. అంతకుముందు రోజు గుడికి పోయి, అమ్మ ముందున్న రాతికి తల బాదుకుంటూ, యాట నెత్తురు తాగి మాట తప్పినవ్ అని నిలదీసిందట. పూజారి పట్టి లాగితే అతని చెయ్యి కొరికిందట. మాది ఒకటే నెత్తురని ఆ రోజు నమ్మకం కుదిరింది.

స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే అక్క పక్కన నడిచింది. నేను ముఖం అటు తిప్పుకున్నాను. ఆమె కూడా నన్ను ముట్టుకోలేదు. వాళ్ళు తలుపు మూసేదాకా నడిచింది.

2012 – 2013

మెలకువ వచ్చేసరికి గొంతులో రంధ్రం, ముక్కులో గొట్టం, మెడ చుట్టూ కుట్లు, ముంజేతికి కట్టు. నోట్లో పరాయి మాంసం ముద్ద. నా చేతి చర్మమే, అయినా పరాయిది. దాని మీద సన్నటి వెంట్రుకలు మొలిచినట్టు తగిలేవి. అరవాలని చూస్తే గొంతు రంధ్రంలో నుంచి గాలి బుసకొట్టింది. చేతికందిన సెలైన్ స్టాండును కింద పడేశాను. చప్పుడు చేయడానికి నాకు అదొక్కటే మిగిలింది.

ఇంటికి వచ్చాక ఇంకా కష్టం. గొట్టాలు తీశారు, గంజి మింగడం నేర్చుకున్నాను. మాట రాలేదు. నేను "నీళ్ళు" అంటే "ఈఊ" అని వచ్చేది. ఫోన్ ఎత్తితే అవతలివాళ్ళు తాగి ఉన్నాననుకుని పెట్టేసేవాళ్ళు. కిరాణా దుకాణంవాడు నన్ను వదిలి సుగుణతో మాట్లాడేవాడు, నేను అక్కడ లేనట్టు. వాడి కొట్టు ముందున్న గాజు సీసా ఒకటి ఎత్తి రోడ్డు మీద పగలగొట్టాను. వాడి దగ్గర ఇప్పటికీ కొనం.

మాటల డాక్టరు కొన్ని శబ్దాలు ఇచ్చి రోజూ అద్దం ముందు అనమంది. రెండు రోజులు అని అద్దం పగలగొట్టాను. మూడో రోజు అక్క పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. బర్లను పాలివాళ్ళకు అప్పజెప్పిందట. నేను వాకిట్లోకి రావద్దని చెయ్యి చూపించాను. ఆమె నన్ను దాటి లోపలికి వచ్చి, పీట వేసుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ల, ళ అనుకుంట కూసోవుడు నీకు చాతగాదు. నువ్వు పుట్టినకాన్నుంచి ఒకటే చాతనైతది. నన్ను తిట్టు."

నేను తల తిప్పాను.

"తిట్టురా. గోడ కూలగొట్టినోనివి, తిట్టనీకి భయమా?"

తిట్టాను. గురగుర వచ్చింది.

"ఏందది? బర్రె నయం. మల్ల తిట్టు."

సుగుణ వంటింట్లో నుంచి, "వదినా, ఇరుగుపొరుగోళ్ళు వింటరు" అంది.

"విననీ. అర్థమైతె గద వాళ్ళకు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ పొద్దున గంజి తాగగానే పీట వేసుకుని కూర్చునేది. ఫోన్లు లాక్కున్నది, మొక్కు పేరు చెప్పి చొక్కా విప్పించినది, చిన్నప్పుడు నా వాటా జామపండ్లు తిన్నది, అన్నీ తిట్టాను. దవడ నొప్పి పుట్టేదాకా, చొంగ కారి చొక్కా తడిసేదాకా తిట్టాను. తన మీద పడ్డ ఉమ్మిని కొంగుతో తుడుచుకుని, "ర వస్తలేదు. ఇంక గోరంత అయితె ర వొస్తది. ఆఖరిది మల్ల అను" అనేది. ఒక్కసారి కూడా తను చేసింది తప్పని అనలేదు. నేను గోడ సంగతి ఎత్తలేదు. నేను ఆమెను క్షమించలేదు. ఆమె నన్ను అడగలేదు.

ఎండాకాలం ముగిసేసరికి సుగుణకు నా మాటల్లో ఎక్కువ భాగం అర్థమయ్యేది. అక్కకు మొత్తం అర్థమయ్యేది. బయటివాళ్ళకు లేదు. వాళ్ళు నవ్వు ముఖం పెట్టి తల ఊపేవాళ్ళు. నన్ను చూసి నవ్వితే ఏం చేయాలో నాకు తెలుసు. జాలితో తల ఊపేవాణ్ణి ఏం చేయాలో తెలియదు.

2014

ఇప్పుడు చెకప్పులు ఒక్కటీ తప్పడం లేదు. చెకప్పుకు ముందు వారమంతా ఇంట్లో ఎవరూ నా జోలికి రారు. స్నానం చేస్తూ మెడంతా వేళ్ళతో వెతుక్కుంటాను. డాక్టరమ్మ చెప్పింది మరిచిపోయిన రోజు లేదు. ఎక్కడో ఒకటి పడుకుని ఉండవచ్చు. ఉండకపోవచ్చు. చూడగలిగే యంత్రం లేదు. తెల్లారి లేచి నోట్లో వేలు పెట్టి తడుముకుని, తర్వాతే సుగుణ ఇచ్చే చాయ్ తాగుతాను. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు. నయమైందని ఎవరైనా చెబితే ఆ మాట విని ఊరుకోకండి, మళ్ళీ ఎప్పుడు రావాలో అడగండి. మొక్కులు ఇచ్చుకోండి, వద్దనను. కానీ మొక్కు ఇచ్చి దవాఖాన మానకండి.

మొన్న చెకప్పుకు సుగుణ, అక్క ఇద్దరూ వచ్చారు. వరుస పొడుగ్గా ఉంది. నా ముందు ఇద్దరే ఉన్నారనగా, తెల్ల చొక్కా వేసుకున్న లావుపాటి మనిషి ఒకడు చేతిలో కాగితాలు ఊపుకుంటూ వచ్చి నేరుగా తలుపు దగ్గర నిలబడ్డాడు.

నేను లేచాను. సుగుణ నా చెయ్యి పట్టుకుంది. విదిలించాను.

"వరుస కనబడ్తలేదా? మేమంత పొద్దటిసంది పీనుగుల తీరు కూసున్నమా? ఎనకకు నడువ్" అన్నాను. నా నోటికి వచ్చే తీరులోనే అన్నాను. మొద్దుగా, చొంగతో.

అతను తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. నేను ఆ తల ఊపుడు కోసం చూస్తున్నాను. అతని ముఖం ఎర్రబడింది.

"ఎవన్ని నడువ్ అంటున్నవ్? పొద్దటిసంది నువ్వొక్కనివే కూసున్నవా? నేను ఆరుగంటలకే చీటి రాపిచ్చుకోని టెస్టుకు పోయొచ్చిన. పీనుగు గీనుగు అంటె మర్యాద దక్కది చెప్తున్న."

"చీటి చూపియ్."

"నీకెందుకు చూపియ్యాలె? నువ్వేమన్న కలెక్టరువా?"

"చూపియ్యకుంటె కదలనియ్య."

"కదలనియ్యకుంటె ఏం జేస్తవ్?"

అతను నా చొక్కా పట్టుకున్నాడు. నేను అతని చొక్కా పట్టుకున్నాను. గుండీ ఒకటి తెగి గచ్చు మీద దొర్లింది. జనం లేచి మమ్మల్ని విడదీయడానికి వచ్చారు. సుగుణ అందరికీ దండాలు పెడుతోంది. అక్క మాత్రం బెంచీ మీద నుంచి కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వంకే చూస్తోంది, కళ్ళ నిండా నీళ్ళతో.

"ఆపకున్రి" అంది, మధ్యలోకి వస్తున్నవాళ్ళతో. "జర ఆగున్రి. వాడు మాట్లాడుతున్నడు."